అక్క లేని గట్టు

ఏప్రిల్ 3

అక్క వాళ్ళు నిన్న సామానంతా లారీకెత్తించి టౌనుకు వెళ్ళిపోయారు. మంచిదే అయింది. పెరడంతా ఇక నాదే. బట్టల తీగ ఈ కొస నుంచి ఆ కొస దాకా నాదే. ఆవిడ చీరల రంగు నా దుప్పట్లకు అంటుకుంటుందన్న గొడవ ఉండదు.

సాయంత్రం ఒక దుప్పటి, రెండు తువ్వాళ్ళు ఆరేశాను. మిగతా తీగ మరీ బోసిగా కనిపించింది. బీరువాలోంచి ఉతికిన చీర ఒకటి తీసి, తడిపి, అది కూడా ఆరేశాను.

ఏప్రిల్ 4

మా వంటింటికీ అక్క వాళ్ళ వంటింటికీ మధ్య గోడలో ఒక చిన్న కిటికీ ఉంది. గిన్నెలూ మాటలూ అందులోంచే వెళ్ళేవి. మా ఆయన పొద్దున్నే దానికి చెక్క కొట్టేశారు. అటువైపు ఎవరూ లేరు కదా అన్నాను. లేరనే కొడుతున్నా అన్నారు.

ఏప్రిల్ 8

ఎవరికైనా చెప్పుకుంటే తేలికపడతానేమో. చెప్పుకునే మనిషే వెళ్ళిపోయింది, వరసకు తోడికోడలే అయినా నాకు అక్కే, అందుకని ఇందులో రాస్తున్నాను. ఈ డైరీ అమ్మాయి వదిలేసి వెళ్ళింది. మొదటి పేజీలో కాలేజీ టైమ్‌టేబుల్, ఆ తర్వాత అంతా తెల్ల కాగితమే. అక్క కూతురు కదా, ఏది మొదలుపెట్టినా అంతే. కన్నది అక్క, జడలు వేసింది నేను. నాకు పిల్లలు లేరన్న సంగతి గుర్తు రానంత పని పెట్టేది ఆ పిల్ల.

జరిగింది ఇదీ. అన్నదమ్ములిద్దరి పొలం నిజానికి ఒకటే గడ్డ. రోడ్డువైపు మెరక బావగారిది, ఏటి గట్టువైపు పల్లం మాది. గ్యాసు కరెంటు ప్లాంటు వాళ్ళు మెరక భూములు అడుగుతున్నారని ఏడాదిగా వింటూనే ఉన్నాం. ఒక్కొక్కరే అమ్మేశారు. బావగారు అమ్మిన సంగతి సర్వే వాళ్ళు వచ్చి జెండాలు పాతిన రోజున తెలిసింది మాకు. ఆయన అన్నగారి ముందుకు వెళ్ళి, నన్నొక్క మాట అడగాల్సింది అన్నారు. నీ పల్లం నువ్వు అమ్ముకో, వద్దన్నానా అన్నారు బావగారు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. వాళ్ళ నాన్నగారి పేరు వచ్చింది, ఎవరు ఎవరిని పెంచారన్నది వచ్చింది, చివరికి చూస్తే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడబోమని ఒట్టు పెట్టుకున్నారు. ప్లాంటుకు మట్టి తోలే కాంట్రాక్టు కూడా బావగారే తీసుకున్నారని మర్నాడు తెలిసింది.

ఆ సాయంత్రం ఆయన నాతో, "ఇక ఆ ఇంటి మనుషులతో మనకు మాటల్లేవు" అన్నారు. మనకు అన్నారు. నన్నెవరూ అడగలేదు.

బావగారు అక్కతో కూడా అలాగే అని ఉంటారు. సామాను ఎక్కిస్తున్నంతసేపూ ఆవిడ నావైపు చూడలేదు. అప్పడాల కర్ర మర్చిపోయింది. నేనే లారీ దగ్గరికి వెళ్ళి సామానులో పెట్టాను. అప్పుడూ చూడలేదు.

ఏప్రిల్ 11

తూము దగ్గర ఆయనకూ నాకూ పడటం లేదు.

సముద్రం పోటెక్కినప్పుడు ఏట్లోకి ఉప్పునీరు ఎదురెక్కి వస్తుంది. అప్పుడు గట్టు కింది తూముకు షట్టర్ దించాలి. ఆటుకు నీరు తీసినప్పుడు ఎత్తాలి, పొలంలో మురుగంతా దిగిపోతుంది. ఆ ఇనుప చక్రం ఒక్క మనిషికి కదలదు. మగవాళ్ళిద్దరూ పొద్దున్నే కూరగాయలు వేసుకుని మార్కెట్‌కు పోయేవాళ్ళు కాబట్టి అది ఎప్పుడూ మా ఇద్దరి పనే. అక్క చక్రం పట్టుకుని ఊ అనేది, నేను ఊ అనేదాన్ని, ఇద్దరం ఒక్కసారే తోసేవాళ్ళం. మధ్యలో ఆవిడ ఏదో ఒక జోకు వేసేది, నాకు నవ్వొచ్చి పట్టు జారేది, మళ్ళీ మొదటి నుంచి.

ఆయన మాత్రం తనకు తోచినప్పుడు తోస్తారు. పైగా భుజం నొప్పి. నువ్వు తోయడం లేదంటారు. మీరు ఊ అనడం లేదన్నాను. ఇదేమన్నా కథా, ఊ కొట్టడానికి అన్నారు.

నవ్వాపుకోలేకపోయాను. అక్కకు చెప్పాలని గబగబా ఇంటికొచ్చి పెరట్లోకి వెళ్ళాను. చెక్క కొట్టిన కిటికీ దాకా వెళ్ళాకగానీ తెలివి రాలేదు.

ఏప్రిల్ 22

లారీలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లారీలే. మెరక మీద మట్టి పోస్తున్నారు. చిక్కుడు ఆకు మీద దుమ్ములో వేలు పెట్టి గీస్తే గీత పడుతోంది.

ఏప్రిల్ 30

మాస్టారి అరుగు మీద మీటింగు. ఆయన బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఇప్పుడు మా అందరికీ ప్లాంటు సంగతులు చెప్తున్నారు. పల్లంలో మిగిలిన రైతులంతా వచ్చారు. ఆడవాళ్ళలో నేనొక్కదాన్నే. అక్క ఉంటే పక్కన కూర్చుని, మాస్టారు కళ్ళజోడు తుడిచినప్పుడల్లా నన్ను గిల్లేది.

బొగ్గు కాదు, బూడిద ఉండదు, గ్యాసు శుభ్రమైనదని కంపెనీ వాళ్ళు చెప్తున్నారు. ఆకాశానికి శుభ్రమే కావచ్చు, మనం కింద ఉన్నాం అన్నారు మాస్టారు. మెరకను మనిషెత్తు లేపుతున్నారు. మన పొలాల మురుగు కాలువ ఆ మెరకలోంచే పెద్ద కాలువలోకి వెళ్తుంది. దాన్ని పూడిస్తే, మన వాననీటికి తూము ఒక్కటే దారి. ఏరు నిండుగా ఉన్న రోజుల్లో షట్టర్ ఎత్తలేం, కాబట్టి ఆ దారీ లేనట్టే. ప్లాంటుకు మంచినీళ్ళ కోసం లోతు బోర్లు వేస్తారట. మంచినీరు లాగేకొద్దీ అడుగునుంచి ఉప్పునీరు పైకొస్తుందట. అనుమతి ఇంకా రాలేదు, ముందు జనం మాట వినాలి, ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు, అక్కడ గట్టిగా చెప్పాలి అన్నారు.

ఎవరెవరు మాట్లాడతారని అడిగితే ఒక్కళ్ళూ పేరివ్వలేదు. మాస్టారు నా వంక చూశారు. సరే అన్నాను. ఇంట్లో ఎటూ మాట్లాడే పని తగ్గింది.

మే 6

కమిటీ కాగితాలు జిరాక్స్ తీయించడానికి టౌనుకు వెళ్ళాను. జిరాక్స్ షాపు బస్టాండులోనే ఉంది. అయినా లోపల ఇంకా చవగ్గా ఉంటుందేమోనని ఊళ్ళోకి నడిచాను. అలా నడుస్తుంటే అక్క వాళ్ళుండే వీధి తగిలింది.

మూడో అంతస్తు. కనుక్కోవడం కష్టమేం కాలేదు. బాల్కనీలో ఆరేసిన దుప్పటి నాది. నీలం గళ్ళది. సామాను సర్దేటప్పుడు కలిసిపోయి ఉంటుంది. ఎదురుగా చెప్పుల షాపు నీడలో నిలబడి చూశాను. దుప్పటి అంచు కింద చెయ్యొకటి కనిపించింది, క్లిప్పు పెట్టి వెళ్ళిపోయింది.

పైకి వెళ్ళడానికి టైము లేకపోయింది. బస్సుకు ఆలస్యమవుతుంది కదా.

బస్టాండులో బస్సు కోసం చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది.

మే 20

అక్క సంగతి తలుచుకోవడం మానేశాను.

మే 21

అక్కయితే బెండకు ఇంత పెందలాడే నీరు పెట్టనిచ్చేది కాదు.

జూన్ 9

అమ్మాయి ఫోన్ చేసింది. పరీక్షలు బాగా రాసిందట. పిన్నీ, ఏం కూర చేశావని అడిగింది. దానికి కూరల మీద ఎప్పుడూ ధ్యాస లేదు. ఎవరు అడిగిస్తున్నారో తెలిసిపోయింది. బెండకాయ అన్నాను. వెనకనుంచి, "ముదిరినవి కోసుంటుంది" అని వినిపించింది.

"లేతవేనని చెప్పు" అన్నాను అమ్మాయితో.

అమ్మాయి అటు తిరిగి చెప్పింది. ఉప్పు తక్కువేసుంటుందని అటునుంచి వచ్చింది. ఉప్పు గురించి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఏరంతా అదేనని చెప్పు అన్నాను. తర్వాత నవ్వు వినిపించింది, ఆవిడ నవ్వే. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది, ఫోన్లో కూడా తెలుస్తుంది.

మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఎవరైనా అడిగినా అదే చెప్తాను.

జూన్ 16

అమ్మాయి ఫోన్. తూముకు గ్రీజు రాశారా అని అడిగింది. ఆ పిల్లకు గ్రీజంటే ఏమిటో కూడా తెలీదు.

జూన్ 23

అమ్మాయి ఫోన్. ఆయన పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నారు. బాబాయ్ భుజం నొప్పి ఎలా ఉందని అడిగింది. అడుగుతోందని చెప్పాను. ఎవరు అన్నారు. అమ్మాయి అన్నాను. పేపరు మడిచి లేచి వెళ్ళిపోయారు. కాసేపయ్యాక వచ్చి, తగ్గిందని చెప్పు అన్నారు. తగ్గలేదు.

జూలై 4

రేపే ప్రజాభిప్రాయ సేకరణ. నేను చెప్పాల్సింది అద్దం ముందు చెప్పుకుని చూశాను. కాలువ సంగతి, బోర్ల సంగతి, వెనకటి వరద సంగతి. వరద దగ్గరికి వచ్చేసరికి గొంతు దానంతటదే గట్టిపడింది. దానికి వెతుక్కోవాల్సిన పని లేదు, చూసింది చెప్పడమే. అమ్మాయి అప్పుడు మూడేళ్ళది. మగవాళ్ళు అవతలి ఒడ్డున చిక్కుకుపోయారు. పొలం మునిగి నీళ్ళు కిటికీ దాకా వస్తే, పిల్లను మధ్యలో పెట్టుకుని అక్కా నేనూ అటక మీద కూర్చున్నాం. నీళ్ళు తీశాక పొలంలో రెండేళ్ళు ఏమీ పండలేదు.

అక్క వస్తుందా? రాదు. ఎందుకొస్తుంది?

నేత చీర కట్టుకుంటాను. వేరే కారణమేం లేదు, అదొక్కటే ఇస్త్రీ చేసి ఉంది.

జూలై 5

ఇవాళ రాయడానికేం లేదు.

జూలై 8

రాస్తే తప్ప వదిలేలా లేదు.

రోడ్డు పక్క టెంటు వేశారు. కుర్చీలు వరసలుగా. స్టేజీ మీద అధికారి, పక్కన కంపెనీ ఇంజినీరు, చిన్నవాడే, మర్యాదస్తుడు, వచ్చిన ప్రతివాళ్ళకూ లేచి నమస్కారం పెడుతున్నాడు. ముందు వరసల్లో భూములమ్మిన వాళ్ళు. బావగారు ఉన్నారు. ఆయన పక్కన అక్క.

ఆకుపచ్చ చీర కట్టుకుంది. బాగా సన్నబడింది. నన్ను చూసింది. నేనూ చూశాను. మెడలో గొలుసు సరిచేసుకుంది, నేను కొంగు సరిచేసుకున్నాను.

నా వంతు వచ్చాక మైకు దగ్గరికి వెళ్ళి చెప్పాల్సినవన్నీ చెప్పాను. ఇంజినీరు ఓపిగ్గా విన్నాడు. కాలువను పక్కకు తిప్పుతామమ్మా, అయినా ఈ నేల ఎప్పుడూ మునగలేదని ఇక్కడివాళ్ళే మాకు చెప్పారు అన్నాడు. ఎవరు చెప్పారని అడిగాను. బావగారు కూర్చున్నచోటి నుంచే, వరదా గిరదా ఏమీ లేదు, ఎప్పుడో ఒకసారి మడమల దాకా నీళ్ళొచ్చాయి, ఆడవాళ్ళు భయపడ్డారు అన్నారు.

భయపడ్డాం. ఆ మాట వరకు నిజమే.

ఆ రోజు బావగారు ఊళ్ళోనే లేరని చెప్పాను. నీళ్ళు కిటికీ దాకా వచ్చాయని, నాతోపాటు చూసినవాళ్ళు ఇక్కడే ఉన్నారని చెప్పాను. అధికారి పెన్ను ఆపి, ఎవరమ్మా అన్నాడు.

"మా అక్క. ముందు వరసలో ఉంది. అడగండి."

టెంటులో అందరూ అటు తిరిగారు. అధికారి, చెప్పండమ్మా అన్నాడు. అక్క ఒళ్ళోకి చూసుకుంటూ కూర్చుంది. చేతిలో మంచినీళ్ళ సీసా ఉంది, దాని మూత బిగించింది, విప్పింది, మళ్ళీ బిగించింది. అధికారి ఇంకోసారి అడిగాడు. బావగారు ఏమీ అనలేదు, మోచేత్తో కూడా పొడవలేదు. ఆ అవసరమే లేకపోయింది.

సరే, కూర్చోండమ్మా అన్నాడు అధికారి నాతో.

దారిలో ఆయన, "చూశావుగా మీ అక్కని" అన్నారు. మీ అక్క. మూడు నెలల క్రితం దాకా ఆయనకు కూడా వదినే.

జూలై 14

అమ్మాయి ఫోన్ చేసింది. ఎత్తలేదు.

జూలై 21

ఫోన్ రాలేదు. రాకపోతే మంచిదే.

జూలై 28

రాలేదు.

ఆగస్టు 12

ప్లాంటుకు అనుమతి వచ్చింది. షరతులు పెట్టారట. కాలువ పక్కకు తిప్పాలి, మంచినీటి బోర్లకు హద్దు పెట్టుకోవాలి, చుట్టూ చెట్లు పెంచాలి. చెట్లు పెంచుతారంటే ఆయన నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మనుషులు అలా నవ్వడం మొదలుపెడితే తిండి తగ్గించేస్తారు.

ఆగస్టు 30

కాలువ ఇంకా తిప్పలేదు. పాత కాలువ మాత్రం పూడిపోయింది. చూసొచ్చాను. మా పొలంలోంచి వెళ్ళిన కాలువ మట్టి గోడ దాకా వెళ్ళి ఆగిపోతుంది. దాని మీద, మనిషెత్తున, రేకుల షెడ్డు. ఎండకు ఆ రేకులు మెరుస్తుంటే అటు చూడలేం.

చిక్కుడు బాగా పూసింది. ఇన్నేళ్ళలో ఇంత పూత చూడలేదు.

సెప్టెంబరు 17

వాన.

సెప్టెంబరు 18

వాన ఆగలేదు. ఏరు నిండుగా ఉంది, షట్టర్ ఎత్తే వీల్లేదు. మెరక మీద పడ్డ నీళ్ళు కూడా మన పొలంలోకే దిగుతున్నాయి. ఆయనా, పక్క పొలాల వాళ్ళూ పారలు పట్టుకుని ఆ మట్టిగోడకు గండి కొట్టబోయారు. వాచ్‌మన్ వచ్చి బతిమాలాడు, నా ఉద్యోగం పోతుందని. పారలు భుజాన వేసుకుని వచ్చేశారు. ఏం చేస్తారు, అతనూ మనలాంటివాడే.

సెప్టెంబరు 20

నిన్న నీరు తీసింది కదా అని షట్టర్ ఎత్తాం. సగం ఎత్తాక ఆయన భుజం పట్టేసింది. చక్రం వదిలేసి గట్టు మీద కూర్చుండిపోయారు. నేనొక్కదాన్నే వేలాడాను, కదలలేదు. అటు పూర్తిగా లేవలేదు, ఇటు పూర్తిగా దిగలేదు. పరిగెత్తి మాస్టారింటి నుంచి ఇద్దరిని పిల్చుకొచ్చేసరికి పోటు వచ్చేసింది. తూములోంచి ఉప్పునీరు బుసబుసా లోపలికి పారుతోంది. మా కళ్ళముందే.

ఊ అనడానికి ఒక్క మనిషి ఉంటే చాలు.

అక్టోబరు 2

నీళ్ళు తీశాయి. చిక్కుడు తీగలు నల్లబడి వేలాడుతున్నాయి. గట్టు పక్క నేల ఆరేకొద్దీ తెల్లగా చవుడు తేలుతోంది. ఆయన వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేశారు. నన్ను కూడా చూడమన్నారు. వద్దన్నాను. నాకు తెలుసు ఆ రుచి.

రెండేళ్ళు, మూడేళ్ళు. మంచినీరు పెట్టి కడగాలి. ఆ మంచినీరు ఉంటే.

పాడైంది పొలం. రోజంతా నాకు కళ్ళముందు మెదిలింది మాత్రం మంచినీళ్ళ సీసా మూత. బిగించడం, విప్పడం.

అక్టోబరు 9

వెళ్ళాను.

తిట్టడానికే వెళ్ళాను, దాచేదేముంది. బస్సులో కూర్చుని మాటలు వరసగా పేర్చుకున్నాను. పిల్లతో అటకెక్కిన రోజు మర్చిపోయావా. ఒక్క మాట, ఒక్క అవును, దానికి నోరు రాలేదా. నీ మొగుడి లారీల మట్టే మా పొలాన్ని ముంచింది. మూడో అంతస్తు మెట్లెక్కేసరికి ఆయాసానికి సగం మాటలు పోయాయి.

అక్కే తలుపు తీసింది. నన్ను చూసి పక్కకు జరిగింది.

"చెప్పులు బయట వదలకు. ఎవరో ఒకరు వేసుకుపోతారు. లోపల పెట్టు."

చెప్పులు లోపల పెట్టాను. ఇల్లు చిన్నది. గోడలన్నీ తెలుపు. వంటింట్లో కిటికీ లేదు. కూర్చోమంది, కూర్చోలేదు. పొలం పోయిందని చెప్పాను. విన్నానంది. ఎందుకు లేవలేదని అడిగాను. బస్సులో పేర్చుకున్న మాటలేవీ రాలేదు, అదొక్కటే వచ్చింది.

అక్క వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చింది. తర్వాత గొంతు పెంచకుండా అంది, "లేచి, నువ్వు చెప్పింది నిజమే అంటే, ఆ సాయంత్రం నేను ఎక్కడికెళ్ళాలి? ఈ ఇంటికి రాగలనా? మీ ఇంటికి రానా? మా మరిది గడప తొక్కనిస్తాడా? నువ్వు రమ్మన్నావా?"

"నువ్వు అడగలేదు" అన్నాను.

"నువ్వు పిలవలేదు."

ఇద్దరం అలాగే నిలబడ్డాం. కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు. అది స్టార్ట్ అయ్యేదాకా మాట్లాడకూడదన్నట్టు ఆగాం.

"ఎండాకాలంలో ఒకరోజు ఆ చెప్పుల షాపు దగ్గర నిలబడ్డావు" అంది. "పైనుంచి చూశాను. వస్తావని ఇద్దరికీ సరిపడా పాలు పొయ్యి మీద పెట్టాను. మళ్ళీ బాల్కనీలోకి వచ్చేసరికి లేవు. పాలు పొంగి పొయ్యంతా పాడైంది. నేనే తుడుచుకున్నాను."

నాకు కూర్చోవాలనిపించింది. కూర్చున్నాను.

టైము లేక వెళ్ళిపోయానని చెప్పబోయాను. ఆవిడ ముఖం చూసి చెప్పలేకపోయాను. కిందనుంచి పిలిచి ఉండొచ్చుగా అన్నాను. మీ బావగారు లోపలే పడుకుని ఉన్నారు అంది.

కాఫీ పెట్టింది. తాగాం. వచ్చే గురువారం అధికారి కాలువ చూడటానికి మళ్ళీ వస్తున్నాడని, పొలాలు మునిగాయని మాస్టారు రాసిన అర్జీకి వస్తున్నాడని చెప్పాను. అక్క గ్లాసులోకి చూస్తూ కూర్చుంది.

లేచేటప్పుడు, "ఇప్పుడు పిలుస్తున్నాను" అన్నాను.

"మీ ఆయన్ని అడిగి పిలువు."

"అడగను. చెప్తాను."

అక్టోబరు 10

చెప్పాను. అన్నం వడ్డించి, ఆయన రెండు ముద్దలు తిన్నాక చెప్పాను. అక్కను ఇంటికి పిలిచాను, వస్తే నా పక్కన కూర్చుని తింటుంది, మీరు మాట్లాడాలని నేనేం అనను, అన్నగారితో మీ ఒట్టు మీది, అందులో నన్ను కలపొద్దు.

ఆయన తింటూనే ఉన్నారు. మజ్జిగ పోశాను. అప్పుడు తలెత్తకుండా, "వదిన ఎలా ఉంది?" అన్నారు.

"సన్నబడింది."

"ఊ" అన్నారు.

పెళ్ళయిన ఇన్నాళ్ళకు సరైన టైములో అన్నారు.

తిన్నాక సుత్తి తీసుకెళ్ళి కిటికీ చెక్క ఊడదీశారు. అవతల ఖాళీ వంటిల్లు, బూజు. మూసి ఉంటే గాలాడటం లేదని చెప్పారు, నేనడగకుండానే.

అక్టోబరు 15

గురువారం. రాత్రి నిద్ర లేక ఇప్పుడు రాస్తున్నాను.

మొదటి బస్సుకే వచ్చింది అక్క. ఒక్కతే. స్టాపు దగ్గర నిలబడ్డ నన్ను చూసి, వస్తానని నమ్మావా అంది. నమ్మలేదు, పాల ప్యాకెట్ కోసం వచ్చానన్నాను. ప్యాకెట్ ఏదీ అంది.

బావగారికి చెప్పావా అని అడిగాను.

"చెప్పే వచ్చాను."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. అదే భయం."

పొలం గట్టు మీద ఆగింది. చెప్పులు విప్పి చవుడు తేలిన చోటు దాకా నడిచి, మడమతో ఒకసారి నొక్కి చూసి వచ్చింది. ఆయన దూరంగా నిలబడి ఉన్నారు. అక్కే వెళ్ళి, భుజం చూపించుకున్నావా అంది. చూపించుకుంటాను వదినా అన్నారు. అంతే. కానీ ఆ తర్వాత ఆయన నడకలో ఏదో తేడా ఉంది.

అధికారి జీపు దిగాడు, ఇంజినీరు కూడా వచ్చాడు. కాలువ మట్టిగోడకు తగిలి ఆగిన చోట నిలబెట్టి మాస్టారు అన్నీ చెప్పారు. ఆయన ముగించాక అక్క ముందుకొచ్చింది. వరదనాడు నీళ్ళు ఎటునుంచి వచ్చాయో, ఎంతదాకా వచ్చాయో, పిల్లను అటక మీదికి ఎలా అందించామో చెప్పింది. ఒకచోట తడబడితే నేను అందుకున్నాను. ఇంకోచోట నేను తప్పు చెప్తే ఆవిడ దిద్దింది. అధికారి రాసుకున్నాడు. రాసుకుని, ఆ రోజు టెంటులో అడిగితే ఎందుకు చెప్పలేదమ్మా అన్నాడు.

"ఆ రోజు మా ఆయన జీపులో వచ్చానండి. ఇవాళ బస్సులో వచ్చాను."

అధికారి నవ్వలేదు. సరేనమ్మా అని కింద సంతకం పెట్టించుకున్నాడు.

ప్లాంటు ఆగదు. అది అధికారే చెప్పాడు, దాచలేదు. మెరక కింద పెద్ద పైపులు వేసి కాలువను కలపాలని, అది పూర్తయ్యేదాకా కొత్తగా మట్టి పోయకూడదని ఉత్తర్వు రాస్తానన్నాడు. వచ్చే వానలలోపు చేయిస్తామని ఇంజినీరు కూడా ఒప్పుకున్నాడు. చేస్తారో లేదో చూడాలి. బోర్ల సంగతి తన చేతిలో లేదన్నాడు అధికారి. పాడైన నేల సంగతి ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నం ఇద్దరం వంటింట్లో కింద కూర్చుని తిన్నాం. ఉప్పు తక్కువైందంది. ఒక్క పూట ఉండిపొమ్మన్నాను. అమ్మాయి ఒక్కతే ఉంటుంది, మీ బావగారితో కూడా మాట్లాడాలి, ఇవాళ కాకపోతే ఇక మాట్లాడలేను అంది. బలవంతం చేయలేదు.

సాయంత్రం స్టాపు దాకా నడిచాం. బస్సు వచ్చింది. సీట్లు ఖాళీగానే కనిపిస్తున్నాయి. జనం ఎక్కువున్నారంది అక్క. అవును, ఊపిరాడదు అన్నాను. వెళ్ళిపోయింది బస్సు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా అని అడిగాను, ముందు చదువు అయ్యాక అంది. ఇంకో బస్సు వచ్చింది. ఇది చుట్టుతిరిగి పోతుందన్నాను. ఏ బస్సయినా ఆ ఒక్క రోడ్డు మీదే పోతుంది. ఆవిడకూ తెలుసు. పోనీలే, వదిలెయ్ అంది. కండక్టరు మా ఇద్దరినీ విసుగ్గా చూసి బెల్లు కొట్టాడు.

రేకుల షెడ్డు దగ్గర లైట్లు వెలిగాయి. వాటికంత వెలుతురెందుకో. ఆ వెలుగులో అక్క ముఖం పక్కనుంచి చూశాను. ఏదో అడగాలనుకున్నాను, ఇక్కడికి మళ్ళీ వచ్చేస్తావా అనో, ఎప్పుడనో. ఆవిడకు కూడా అదే తట్టి ఉంటుంది. ఇద్దరం అడగలేదు.

ఆఖరి బస్సు వచ్చింది. దానికి వంక దొరకలేదు.

ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదులుతుంటే తల బయటపెట్టి ఏదో అంది. ఇంజను మోతలో వినపడలేదు. సరే అని తలూపాను. ఏమందో తెలియకుండానే సరే అన్నాను.

రేపు ఫోన్ చేసి అడగాలి. అమ్మాయిని కాదు.